ముందు భీమిలి... తర్వాతే బీచ్‌లు!

విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు సుమారు 30 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే గంటలో చేరిపోవచ్చు. దగ్గరే కదా అని చాలా కుటుంబాలు మధ్యాహ్నం భోంచేసి బయల్దేరతాయి. రుషికొండలో ఫొటోలు దిగేసరికే పొద్దు వాలుతుంది. భీమిలి చేరేసరికి చీకటి! అందుకే ఈ ప్రయాణాన్ని తిరగేయండి. తెల్లవారకముందే బయల్దేరి నేరుగా భీమిలి వెళ్లండి. చూడాల్సినవన్నీ తిరుగుదారిలో పెట్టుకోండి. అప్పుడు సముద్రం ఎడమవైపు వస్తుంది. కారు పక్కకు తీసి ఆపితే చాలు, పిల్లల్ని, పెద్దవాళ్లను రోడ్డు దాటించే పని ఉండదు.

వేలంపాటతో తెల్లారే ఊరు

గోస్తని నది సముద్రంలో కలిసే చోటు భీమిలి. పొద్దున్నే ఒడ్డుకు చేరిన పడవల దగ్గర నిలబడితే పిల్లలకు కాలక్షేపం వెతకక్కర్లేదు. ఒక చేత్తో వల బిగించి పట్టి, రెండో చేతి వేళ్లతో మొప్పలకు చిక్కిన దారం తప్పించి, చేపను చితక్కుండా లాగుతారు మత్స్యకారులు. కానాగంతలు ఓ గంపలోకి, చందువాలు మరో గంపలోకి. ఆ పక్కనే ఆడవాళ్ల వేలంపాట. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకం చేశారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్నమిది.

ఎర్రమట్టి దిబ్బలు

భీమిలి నుంచి తిరిగొస్తూ ఎండ ముదరకముందే ఇక్కడికి రావాలి. సముద్ర మట్టం హెచ్చుతగ్గులు, గాలి, వాన కలిసి వేల ఏళ్లలో పోసిన ఇసుక ఇది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వాన కోసిన సన్నని లోయల్లోకి దిగితే పక్కనున్న సముద్రం కనిపించదు. దీన్ని భూవారసత్వ సంపదగా గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది. కానీ గట్టిగా చేత్తో నొక్కితే రాలిపోయే మట్టి. పిల్లలను జారుడుబల్ల ఆట ఆడనివ్వకండి.

కొండ మీద వాననీళ్లు

తొట్లకొండ పైదాకా కారు వెళ్తుంది కాబట్టి బామ్మలకూ ఇబ్బంది లేదు. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా ఇక్కడి బౌద్ధ విహారం బయటపడింది. భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు, స్తూపం పునాదులు చూడొచ్చు. ఇటుకల మధ్య నిలబడితే కింద సముద్రమంతా కనిపిస్తుంది.

సాయంత్రం నగరంలో

రుషికొండలో కాసేపు ఆగి, ఆర్కే బీచ్ చేరేసరికి సాయంత్రమవుతుంది. నిమ్మకాయ పిండిన మురీ మిక్చర్ చేతిలోకి వచ్చేది అప్పుడే. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామి ఇక్కడే ఒడ్డున ఉంది. లోపల నావికుల పడకల ఇరుకు చూశాక, ఇంట్లో గది చాలట్లేదని పిల్లలు కొన్నాళ్లు అడగరు. సోమవారం మూసి ఉంటుంది, రోజు చూసుకుని వెళ్లండి.

ఒక్క మాట. ఆర్కే బీచ్‌లో అలలు పైకి మామూలుగా కనిపించినా కింద లాగేస్తాయి. ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఈత వచ్చినా సరే, పాదాలు తడిపి వెనక్కి రండి.