కుండీ మార్చు వేళ

ఆలేరులో మా యింటి తులసి ఆకు వాడినప్పుడెల్ల నొక సందేహము పుట్టును: నీరు చాలలేదా, కుండీ చాలలేదా?

పోసిన నీరు వెంటనే అడుగు రంధ్రమున జారిపోయి, సాయంకాలమునకే ఆకు వ్రేలాడినచో, లోపల వేళ్లు నిండియుండవచ్చును. మన్ను ఎండి గోడను వీడినను నీరట్లే జారును. కావున మొక్కను మెల్లగా వెలికిదీసి చూడవలెను. వేళ్లు చుట్టలు చుట్టుకొనియున్నచో మార్చవలసినదే. మన్ను విడివిడిగా రాలినచో అక్కఱలేదు.

అయినను రోహిణికార్తె యెండలో వేళ్లను కదలింపకుడు. జూన్ 8 ప్రాంతమున మృగశిర ప్రవేశించి తొలివాన పడిన పిదప మార్చుట మేలు. క్రొత్త కుండీ 2 అంగుళములు మాత్రమే వెడల్పు హెచ్చుగా నుండవలెను. మఱీ పెద్దదైనచో మిగులు మన్ను తడియారక వేళ్లు కుళ్లును. మా వీథిలో పలువురీ మాట నమ్మరు. మన యెఱ్ఱచెలక మన్ను గట్టిపడును గనుక, మాగిన పశువుల యెరువును, కొంత యిసుకను కలుపుడు. నాటిన పిమ్మట వారము దినములు నీడన నుంచుడు.