పన్నెండు మెట్లకో వదులు మెట్టు

మహారాష్ట్రలోని మర్ఖేల్‌లో మా చిన్నమ్మ ఇంటి గోడకు కాలనిర్ణయ్ క్యాలెండర్ ఒకటి వేలాడుతుంటుంది. తిథులు, పండగలు మరాఠీలో అచ్చువేసినవి. వాటి చుట్టూ బాల్‌పెన్నుతో గీసిన సున్నాలు మాత్రం ఆమెవి. మంచం దిగలేని రోజుకు ఒక సున్నా. చికున్‌గున్యా వచ్చి తగ్గి, కీళ్ల నొప్పులు కూడా చాలావరకు సర్దుకున్నాక ఈ సున్నాలు మొదలయ్యాయి. ఒక పూట కంది చేలో కలుపు తీస్తే ఆ సాయంత్రం బాగానే ఉంటుంది. మర్నాడు, ఎల్లుండి మాత్రం వరసగా రెండు సున్నాలు.

"రెక్కలల్ల సత్తువ లేదురా. పండుకుని లేచినా పానం నిమ్మలపడ్తలేదు," అంటుంది. డాక్టరుకు చూపిస్తే ఆయన రక్తం రిపోర్టులు తిరగేసి, అన్నీ నార్మల్‌గానే ఉన్నాయి, ఇది ఉత్త థకవా (అలసట) అన్నాడు. ఇంటికొచ్చాక ఆమె ఆ రిపోర్టులను మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. చిన్నమ్మ జబ్బు ఫలానా అని పేరు పెట్టే హక్కు నాకు లేదు. అయితే ఇలాంటి అలసటకు మందు కావాలని ఏళ్ల తరబడి తంటాలు పడుతున్న ఒక అణువు కథ తెలిశాక, ఆ క్యాలెండర్‌ను నేను మునుపటిలా చూడలేకపోతున్నాను. దాని పేరు ఆంప్లిజెన్. శాస్త్రీయ నామం రింటటోలిమోడ్.

కథ 1957లో లండన్‌లో మొదలవుతుంది. అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వైరస్ సోకిన కణాల నుంచి ఒక పదార్థం బయటికి రావడం గమనించారు. అది తగిలిన పక్క కణాలకు ఆ వైరస్ అంత తేలిగ్గా అంటడం లేదు. దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. ఊళ్లో దొంగ పడితే ముందు దోపిడీ అయిన ఇల్లు కేకవేసి మిగతా ఇళ్లను లేపినట్టన్నమాట. ఆ కేక దేన్ని చూసి పుడుతుందో పదేళ్ల తర్వాత, 1967లో, అమెరికాలో మెర్క్ కంపెనీకి చెందిన మారిస్ హిల్లెమన్ బృందం తేల్చింది. రెండు పేటల ఆర్‌ఎన్‌ఏను చూసి.

ఇక్కడ కాస్త ఆగాలి. మన కణాల్లో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఒంటిపేటగానే ఉంటుంది. చికున్‌గున్యా లాంటి వైరస్ తన నకళ్లు తీసుకునేటప్పుడు రెండు పేటలు కలిసిన పొడవాటి నిచ్చెనలాంటి ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. కణానికి దొంగ అడుగుజాడ అదే. అడుగుజాడనే కృత్రిమంగా చేసి ఒంట్లోకి ఎక్కిస్తే, వైరస్ లేకుండానే కాపలా మేల్కొంటుంది కదా? హిల్లెమన్ బృందం అలా చేసిందే పాలీ ఐసీ. కాపలా మేల్కొంది, నిజమే. కానీ కేక ఆగలేదు. జ్వరం, విషలక్షణాలు. మనుషులకు మందుగా వాడాలంటే భయపడాల్సిన సరుకైంది.

1972లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పాల్ త్సో, విలియం కార్టర్, వాళ్ల సహచరులు దానికి చేసిన మరమ్మతు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. నిచ్చెనకు ఒక పక్క ఐ అనే అక్షరాల వరస, మరో పక్క సీ అనే అక్షరాల వరస. ఐ, సీ చక్కగా జోడీ కడతాయి. అదే గట్టి మెట్టు. వాళ్లు సీల వరసలో ఇంచుమించు పన్నెండింటికి ఒకచోట యూ అనే వేరే అక్షరాన్ని దూర్చారు. యూకు ఐతో జోడీ సరిగ్గా కుదరదు. అక్కడ మెట్టు వదులవుతుంది. దూరం నుంచి చూసే కణానికి నిచ్చెన నిచ్చెనలాగే కనిపిస్తుంది కాబట్టి కేక పుడుతుంది. రక్తంలోని ఎంజైములు మాత్రం ఆ వదులు మెట్ల దగ్గర పట్టుకుని నిచ్చెనను త్వరగా తుంచేస్తాయి. చాటింపు అయిపోగానే డప్పు దానంతటదే కరిగిపోయినట్టు. మందును బలపరచడం అందరూ ఆలోచించేదే. కావాలని ఒక లోపాన్ని కొలత ప్రకారం పెట్టి దాన్ని మనిషికి పనికొచ్చేలా చేయడం ఎంత సున్నితమైన పని! (ఈ నిచ్చెనను పసిగట్టే గ్రాహకం టీఎల్‌ఆర్-3 అని తెలియడానికి 2001 దాకా ఆగాల్సొచ్చింది. పనిముట్టు ముందు పుట్టింది, అదెలా పనిచేస్తుందో తర్వాత తెలిసింది.)

ఆ వదులు మెట్ల నిచ్చెనే ఆంప్లిజెన్. పుట్టిన నాటికి ఈ మందుకు జబ్బు లేదు. 1980లలో ఎయిడ్స్ మీద ప్రయోగించారు. 1987లో లాన్సెట్ పత్రికలో వచ్చిన తొలి ఫలితాలు ఆశ రేపాయి. మరుసటి ఏడాది డ్యుపాంట్ కంపెనీతో కలిసి చేసిన పెద్ద పరీక్షలో తేడా కనిపించక ఆపేశారు.

ఈలోగా జబ్బొకటి దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. 1984-85లో నెవాడాలోని ఇన్‌క్లైన్ విలేజ్ అనే సరస్సు ఒడ్డు ఊళ్లో, ఫ్లూలాంటి జ్వరం వచ్చి తగ్గాక నెలల తరబడి లేవలేని మనుషులు డాక్టర్ల దగ్గరికి క్యూ కట్టారు. పాల్ చీనీ, డేనియల్ పీటర్సన్ అనే స్థానిక వైద్యులు వాళ్ల మాట నమ్మారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1988లో దానికి క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది. ఆ పేరు రోగులకు మేలు చేయలేదు. అలసట ఎవరికి ఉండదు అని అందరూ తీసిపారేశారు. ఈ జబ్బు గుర్తు అలసట ఒక్కటే కాదు, శ్రమ చేశాక ఒకటి రెండు రోజులకు మొత్తం కుప్పకూలడం. చిన్నమ్మ క్యాలెండర్‌లోని ఆ రెండు సున్నాల్లాంటిదే.

పీటర్సన్ తన రోగుల మీద ఆంప్లిజెన్ ప్రయత్నించాడు. వారానికి రెండుసార్లు, 400 మిల్లీగ్రాములు, సెలైన్‌లా నరంలోకి. ఆ తర్వాత 92 మందితో 24 వారాల పరీక్ష జరిగింది. ఎవరికి మందు ఎక్కుతోందో, ఎవరికి ఉత్త ద్రవం ఎక్కుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. మందు తీసుకున్నవాళ్లు రోజువారీ పనుల్లో మెరుగయ్యారని కొలతలు చెప్పాయి. తర్వాత 234 మందితో 40 వారాల పరీక్ష. ఇందులో కొలత ట్రెడ్‌మిల్. ఎవరు ఎంతసేపు నడవగలరో చూడటం. 2012లో ప్రచురించిన లెక్క ప్రకారం మందు తీసుకున్నవారి సామర్థ్యం సగటున 36.5 శాతం పెరిగింది, ఉత్త ద్రవం ఎక్కించుకున్నవారిది 15.2 శాతం.

అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం ముందుకు రోగులు వచ్చి తమ జీవితాల గురించి చెప్పుకున్నారు. పనిచేస్తుందనడానికి ఈ ఆధారం చాలదని సంఘంలో ఎక్కువమంది తేల్చారు. 2013 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించింది. 2009లో ఒకసారి వెనక్కి పంపింది, ఇది రెండోసారి. నాకు ఆ నిర్ణయం మీద కోపం లేదు. మందు తయారుచేసిన కంపెనీ ఇంకా పెద్ద, ఇంకా తేటైన పరీక్ష చేయాల్సింది. నాకు బాధ వేసేది కొలబద్ద గురించి. మధుమేహానికి చక్కెర అంకె ఉంది, క్షయకు కళ్లెలో కనిపించే క్రిమి ఉంది. ఈ జబ్బుకు రక్తంలో ఒక అంకె లేదు. అందుకని శ్రమ చేస్తే కూలిపోయే మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించి, ఆ నడిచిన కాసేపటినే లెక్కపెట్టారు. దిగి ఇంటికెళ్లాక మర్నాడు ఆ మనిషి ఎలా ఉన్నాడన్నది ఆ కొలతకు అందదు. అసలు జబ్బు ఉండేది ఆ మర్నాడులోనే.

2016 ఆగస్టులో అర్జెంటీనా, తీవ్రంగా జబ్బుపడినవారికి ఆంప్లిజెన్‌ను ఆమోదించింది. కోవిడ్ వచ్చి, దాని తర్వాత ఎందరో ఇదే అలసటతో మిగిలిపోయినప్పుడు మందు మళ్లీ బయటికొచ్చింది. కోవిడ్ అనంతర అలసట ఉన్న 80 మందితో 12 వారాల పరీక్ష చేశారు. రోగులు తమ అలసటకు తామే వేసుకున్న మార్కులే ప్రధాన కొలత. అందులో మందుకూ ఉత్త ద్రవానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారన్న లెక్కలో కొందరికి మేలు కనిపించిందని కంపెనీ చెప్పింది. మళ్లీ కొలతల తగవే.

ఇక చిన్నమ్మకు వచ్చిన చికున్‌గున్యా మనకు కొత్తది కాదు. 1973లో, అంటే బాల్టిమోర్‌లో వదులు మెట్టు వేసిన మరుసటి ఏడాదే, ఇదే మహారాష్ట్రలో బార్శీని పట్టి కుదిపింది. 2005-06లో రాయలసీమ నుంచి తెలంగాణ, మరాఠ్వాడా దాకా ఊళ్లకు ఊళ్లనే మంచం ఎక్కించింది. జ్వరాల లెక్కలు సర్కారు దగ్గర ఉన్నాయి. జ్వరం పోయాక మిగిలిన అలసటను ఏ రిజిస్టర్‌లో రాయాలి?

పోయిన దీపావళికి వెళ్లినప్పుడు చిన్నమ్మను ఆ క్యాలెండర్ పేజీలు అడిగాను. అటక మీదున్న పాత సంవత్సరాలవి కూడా దింపించింది. నెలకిన్ని సున్నాలని ఆమే కూడి ప్రతి పేజీ మూలన అంకె వేసి పెట్టుకుంది. కలుపుకు వెళ్లిన రోజుల మీద చిన్న గీత కూడా ఉంది. గీత తర్వాత ఎన్నో రోజున సున్నా వస్తుందో నేను వేలితో లెక్కపెడుతుంటే, పక్కన కూర్చుని చూసింది. "గట్ల చూసినోడివి నువ్వొక్కనివేరా," అంది.