గడీ గోడల వెనుక

సిరికొండకు పొరుగుననున్న ఇందల్వాయి మండలమున సిర్నాపల్లి యను గ్రామము కలదు. వానకాలమున అచ్చటి జలపాతమును చూడవచ్చువారు పెక్కురు. ఊరిలోని పాతగడీ కడకు పోవువారు కొందరే. నిజాం పాలనలో సిర్నాపల్లి సంస్థానము నేలిన రాణీ శీలం జానకీబాయి పేరు ఈ ప్రాంతమున నేటికిని వినబడుచున్నది. జానకంపేటకు ఆ పేరు ఆమె వలననే వచ్చినదని పెద్దలు చెప్పుదురు.

తెలంగాణమున గడీ యనగా వట్టి యిల్లు కాదు. ఎత్తైన ప్రహరీ, బురుజులు, పెద్ద దర్వాజా, లోపల దొరవారి నివాసము, కచేరి, ధాన్యపు కొట్లు. శిస్తు లెక్కయు, తగవు తీర్పును, శిక్షయు అచ్చటనే జరిగెడివి. ఆ డంగుసున్నపు గోడలను, చెక్కడపు స్తంభములను చూచి నేడు మనము మెచ్చుకొందుము. అయితే ఆ సున్నము నూరిన చేతులెవ్వరివి? ఆ దూలములు మోసిన భుజములెవ్వరివి? వెట్టిచాకిరి చేసినవారి పేర్లు ఏ శాసనమునను లేవు.

కనుకనే కొందరు 'పీడించిన గడీలు కూలిన నేమి?' అందురు. ఆ మాటలో బాధ యున్నది. కాని గోడ కూలినచో పీడనకు సాక్ష్యము కూడ కూలును. ఇందూరు ఖిల్లా సంగతి చూడుడు. నిజాం ప్రభుత్వము దాశరథి కృష్ణమాచార్యులను అచ్చటి జైలులో నుంచగా, ఆయన బొగ్గుతో గోడపై పద్యము వ్రాసెను. నేడు ఆ జైలు ఖైదుచేసినవారి పేర గాక, ఖైదీ పేరనే ప్రసిద్ధము.

రక్షింపవలెనన్న సాధ్యమే. ఒకప్పుడు నిజామాబాదు జిల్లాలోనిదై, 2016 నుండి కామారెడ్డి జిల్లాకు చేరిన దోమకొండ కోటను సంస్థానాధీశుల వంశీకులే శ్రద్ధతో బాగుచేయింపగా, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. అన్ని గడీలకును అట్టి వారసులు లేరు.

సున్నము, రాయి ధనముతో దొరకును. జ్ఞాపకము దొరకదు. 1949లో జాగీర్లు రద్దయిననాడు పదేండ్ల బాలురైనవారికి నేడు ఎనుబదియైదేండ్లు దాటినవి. గడీ దర్వాజా ముందు చెప్పులు చేతబట్టి నడచిన తండ్రిని చూచినవారు వారే. ప్రతి గ్రామ పాఠశాలయు ఆ వృద్ధుల మాటలను ఒక పుస్తకమున వ్రాయించి యుంచవలెను. గోడలకంటె ముందుగా వారు వెళ్లిపోవుచున్నారు.