గాలివానలో కొండపై ఒంటరిగా

మా బోయిగూడనుండి సికింద్రాబాదు స్టేషను నడచిపోవు దూరములోనే యున్నది. అక్కడ రైలెక్కి వికారాబాదులో దిగినచో అనంతగిరి కొండలు దగ్గర. మూసీనది పుట్టినచోటు అదియే. తొలకరి జల్లులు పడగానే విద్యార్థులు వీపున సంచి తగిలించుకొని ఆ కొండలకు బయలుదేరుదురు. కొందరు ఒంటరిగానే పోవుదురు. ఏకాంతములోని ఆనందమును కాదనలేము. కాని గాలివాన వచ్చినప్పుడు కొండపై ఏమి జరుగునో, ఎందుకు జరుగునో తెలిసికొని పోవుట మేలు.

కొన్నేండ్ల క్రిందట ఒక ఆషాఢమాసమున నేనును అట్లే ఒంటరిగా పోతిని. మధ్యాహ్నము మూడు గంటలకు గాలి లేచి, ఉరుములతో వాన కురిసెను. ఒంటిపై నూలుచొక్కాతో ఒక పెద్ద చెట్టుక్రింద నిలిచితిని. అరగంటలో పండ్లు కొట్టుకొనసాగినవి. చొక్కా బొత్తాము పెట్టుటకు వ్రేళ్ళు వంగలేదు. అది చలికాలము కాదు. అయినను అంత చలి ఎట్లు వేసినది? ఏటేట తరగతిలో గుప్తోష్ణమును బోధించు నేను ఆ పాఠమును నాడు ఒంటిమీద నేర్చుకొంటిని. నేను చేసిన తప్పులు రెండు: చెట్టుక్రింద నిలుచుట, తడిబట్టతో గాలిలో నుండుట.

పిడుగు ఎత్తైనదానినే ఏల వెదకును?

ఉరుముల మేఘములో మంచుపలుకులు, వడగండ్లు ఒకదానితో నొకటి రాచుకొనుటచే విద్యుదావేశము పుట్టును. సాధారణముగా మేఘము పైభాగమున ధనావేశము, క్రిందిభాగమున ఋణావేశము చేరును. క్రిందనున్న ఋణావేశము నేలపై ధనావేశమును ప్రేరేపించును. నేలపై ఎత్తుగా నిలిచిన కొండకొన, చెట్టు, మనిషి — వీనివద్ద విద్యుత్ క్షేత్రము తీవ్రమగును. కనుకనే పిడుగు తరచుగా అట్టి వానిపై పడును. మెరుపు దారిలోని గాలి దాదాపు 30,000 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచించును. ఆ చప్పుడే ఉరుము.

చెట్టుపై పిడుగు పడినచో ప్రవాహము ప్రక్కనున్న మనిషిపైకి దూకవచ్చును. అంతేకాదు, అది నేలలో నలుదిక్కుల ప్రాకును. రెండు పాదములు ఎడముగా నున్నచో వాని మధ్య విద్యుత్పీడనములో భేదమేర్పడి, ప్రవాహము ఒక కాలినుండి ఎక్కి రెండవ కాలినుండి దిగును. పశువుల ముందుకాళ్ళకు, వెనుకకాళ్ళకు నడుమ దూరమెక్కువ. అందుచేత చెట్టుక్రింది పశువులు ఒక్క పిడుగుకే పెక్కు చనిపోవుట కలదు. మన దక్కను కొండలలో బండరాళ్ళ చాటున దాగుటయు క్షేమము కాదు. తడిసిన రాతిమీదుగా వచ్చు ప్రవాహము ఆ సందులో దూకగలదు.

ధ్వని ఒక కిలోమీటరు పోవుటకు సుమారు 3 సెకండ్లు పట్టును. మెరుపునకు, ఉరుమునకు నడుమ 30 సెకండ్లు లెక్కకు వచ్చినచో పిడుగు 10 కిలోమీటర్ల దూరములో నున్నదన్నమాట. అంత దూరమునుండి గూడ మరుసటి పిడుగు మనపై పడగలదు. వెంటనే కొనపైనుండి దిగవలెను. కడపటి ఉరుము విన్న పిదప 30 నిమిషములవరకు మరల ఎక్కరాదు.

తడిబట్ట చేయు లెక్క

చర్మముపై ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కాలరీల వేడిమి కావలెను. చొక్కా, పంట్లాములలో అరకిలో నీరున్నదనుకొందము. అదంతయు ఆవిరియగుటకు 2,90,000 కాలరీలు పట్టును. 60 కిలోల మనిషి శరీరము ఒక డిగ్రీ చల్లబడుటకు సుమారు 50,000 కాలరీలు కోల్పోవలెను. ఆ వేడిమి యంతయు శరీరమునుండియే పోయి, శరీరము మరల వేడిని పుట్టింపనిచో 37 డిగ్రీలనుండి సుమారు 31 డిగ్రీలకు దిగవలసివచ్చును! 35 డిగ్రీలకు దిగినపుడే ప్రమాదము మొదలగును.

అదృష్టవశమున శరీరము ఊరకుండదు. విశ్రాంతిలో గంటకు సుమారు 75,000 కాలరీలు పుట్టించును. వణకునపుడు దానికి కొన్ని రెట్లు పుట్టించును. వణకు శరీరము చేయు వ్యాయామమే. కాని దానికి ఆహారము కావలెను. ఆకలిగొని అలసినవాడు ఎక్కువసేపు వణకలేడు. పైగా గాలి బాష్పీభవనమును త్వరపరచును. ఎత్తు పెరిగినకొలది కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడును.

తోడు ఎందుకు?

శరీరము చల్లబడినపుడు మొదట చెడునది తెలివి. మాట తడబడును, నడక తూలును. కాని ఆ సంగతి ఆ మనిషికే తెలియదు. ప్రక్కనున్నవాడు చూచి చెప్పవలెను. ఒంటరివానికి ఆ చెప్పువాడు లేడు.

నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను 172 రోజులలో ఎక్కిన వీరుడు. అట్టివాడు 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో, అర్జెంటీనా-చిలీ సరిహద్దునగల ట్రెస్ క్రుసెస్ శిఖరముపై ఒంటరిగా నుండగా వాతావరణము చెడినది. ఏప్రిల్ మొదటివారమున ఆయన మృతదేహము దొరికినది. ఆ శిఖరము 6,700 మీటర్లకు మించినది. పై లెక్క ప్రకారము సముద్రమట్టముకంటె అచ్చట గాలి 40 డిగ్రీలకు మించి చల్లగా నుండవలెను. ఆయన అనుభవమునకు సాటివచ్చువారు మనలో అరుదు. అంతటివానికిని తుపానులో ఒంటరితనము ప్రాణాపాయమే.

పాటింపవలసినవి

వాతావరణ శాఖ హెచ్చరికను చూచి బయలుదేరుడు. పోవు దారిని, తిరిగివచ్చు వేళను ఇంటిలో చెప్పుడు. వానకోటు, ప్లాస్టిక్ సంచిలో ఒక పొడిచొక్కా, ఉన్నిబట్ట, బెల్లము, వేరుసెనగపప్పు ఉంచుకొనుడు. ఉరుము వినగానే కొన దిగి, పక్కా కట్టడములోగాని తలుపులు మూసిన కారులోగాని చేరుడు. ఏదియు దొరకనిచో ఒంటరి చెట్లకు దూరముగా, పల్లపు చోటున, పాదములు దగ్గరచేర్చి గొంతుకూర్చుండుడు. ఇది పూర్తి రక్షణ కాదు, అపాయమును తగ్గించుట మాత్రమే. పొంగిన వాగును దాటకుడు. నీటివేగము రెట్టింపైనచో త్రోపు నాలుగురెట్లగును.

ఉపాధ్యాయులు విహారయాత్రకు ముందురోజున పై రెండు లెక్కలను విద్యార్థులచే నల్లబల్లపై చేయించిన మంచిది. ఒకటి సెకండ్ల లెక్క, రెండవది కాలరీల లెక్క. రెండును చిన్నవే, అవి తెలిసినవాడు కొండపై వేళకు వెనుదిరుగును.