చదువు అద్దాలు, చలువ అద్దాలు: కొనే ముందు తెలుసుకోండి

నలభై దాటాక సూదిలో దారం ఎక్కదు, బియ్యంలో రాళ్ళు కనబడవు. బైబిలును చేయి చాచి దూరంగా పట్టుకుని చదువుతాము. కంటిలోని కటకం వయసుతో మెత్తదనం కోల్పోవడమే దీనికి కారణం. ఇదే చత్వారం. ఇది జబ్బు కాదు. ఆకు పసర్లు, కంటి వ్యాయామాలు దీనిని పోగొట్టలేవు, అద్దాలు పెట్టుకుంటే చాలు.

"ఈ వయసులో నాకు అద్దాలెందుకు" అనే అమ్మలను మేము రోజూ చూస్తుంటాము. కానీ ఇన్సులిన్ సిరంజి మీది గీతలు, పురుగుమందు డబ్బా మీది అక్షరాలు కనబడకపోతే ప్రాణానికే ముప్పు. అస్సాం తేయాకు తోటల్లో జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. నలభై దాటిన కూలీలలో చదువు అద్దాలు అందుకున్నవారి పని, అందుకోనివారికన్నా 20 శాతానికి పైగా ఎక్కువ పెరిగింది.

రెడీమేడ్ అద్దాలు కొనవచ్చా?

దూరపు చూపు రెండు కళ్ళకూ బాగుంటే కొనవచ్చు. వాటిలో రెండు వైపులా ఒకే పవర్ ఉంటుంది. కళ్ళ మధ్య తేడా ఉన్నవారికి, అడ్డ పవర్ ఉన్నవారికి అవి సరిపడవు, తలనొప్పి వస్తుంది. సాధారణంగా 40–45 ఏళ్ళకు +1.00 నుండి +1.25, యాభై దాటాక +1.75 నుండి +2.00, అరవైకి +2.50 దాకా అవసరం. మూరెడు దూరంలో పుస్తకం పట్టుకుని, స్పష్టంగా కనబడే వాటిలో అతి తక్కువ పవర్ ఎంచుకోండి. అద్దం గుండా తలుపు అంచును చూస్తూ అద్దాన్ని కదిలించండి. అంచు అలలాగా వంకర్లు పోతే ఆ అద్దం వద్దు.

2018లోనో 2023లోనో కంటి వెలుగు శిబిరంలో ఇచ్చిన అద్దాలే ఇంకా వాడుతుంటే పవర్ మళ్ళీ చూపించుకోండి.

చలువ అద్దాలు

సూర్యాపేటలో బండి నడిపేవారికి, కోదాడ పొలాల్లో పనిచేసేవారికి, మిర్యాలగూడ మిల్లుల దగ్గర వడ్లు ఎండబోసేవారికి ఇవి సోకు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల శుక్లాలు, తెల్లగుడ్డు మీద కండ పెరగడం ఎక్కువవుతాయి. ముదురు రంగు ఉంటే చాలదు. రక్షణ లేని నల్ల అద్దం వెనుక కంటిపాప పెద్దదై ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. "యు.వి. 400" అని ఉన్నవే అడగండి. చీటీ నిజమో కాదో కళ్ళద్దాల షాపులోని యంత్రంలో పెట్టి చూపించమనండి. పక్కలు కూడా కప్పే ప్లాస్టిక్ అద్దాలు దుమ్మును, ఊకను కొంత ఆపుతాయి. వెడల్పు అంచు టోపీ, తలపాగా తోడైతే మరీ మంచిది. రాత్రి బండి నడిపేటప్పుడు మాత్రం నల్లద్దాలు పెట్టుకోకండి.

అద్దాలతో సరిపెట్టుకోకూడనివి

ఒక పెద్దాయన ఏడాదిలో మూడు జతలు మార్చి మా దగ్గరకు వచ్చారు. ఆయనకున్నది నీటికాసులు. అప్పటికే ఒక కన్ను చాలావరకు పోయింది, పోయిన చూపు తిరిగి రాదు. కాబట్టి నలభై దాటినవారు మొదటి జత కొనే ముందు ఒకసారి కంటి ఒత్తిడి, కంటి నరం పరీక్ష చేయించుకోవాలి. షుగరు ఉన్నవారు ఏటా రెటీనా చూపించుకోవాలి. షుగరు అదుపులోకి వచ్చాకే పవర్ తీయించుకోవాలి, లేకపోతే అది మారిపోతుంది. ముసలివారు ఉన్నట్టుండి అద్దాలు లేకుండా చదవగలిగితే సంతోషించకండి. అది శుక్లం ముదురుతున్న గుర్తు కావచ్చు.

మీ ఇంటి పెద్దవారు చూపు తగ్గిందని తమంతట తాము చెప్పరు. ఈ ఆదివారం ఒక వాక్యం చదవమని ఇచ్చి చూడండి.