దిగేవాడికి శిక్షణ ఉంది, ఎక్కేవాడికి లేదు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో బొగ్గు గనిలో పని దొరికిన మనిషి మొదటి రోజే బావిలోకి దిగడానికి వీల్లేదు. ముందు వీటీసీకి, అంటే వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్‌కు వెళ్లాలి. పైకప్పు ఎలా పరీక్షిస్తారో, గ్యాస్ ఎక్కడ చేరుతుందో, ప్రమాదం జరిగితే ఏ దారిన బయటపడాలో అక్కడ నేర్చుకోవాలి. సింగరేణి పర్మినెంటు కార్మికుడికైనా, మట్టి తీసే ప్రైవేటు కంపెనీలో చేరిన కుర్రాడికైనా ఇదే పద్ధతి. 1952 నాటి గనుల చట్టం కింద 1966లో వచ్చిన వృత్తి శిక్షణ నిబంధనలు దీన్ని తప్పనిసరి చేశాయి. అదే కుర్రాడు గని వదిలేసి ఏదో కాంట్రాక్టరు దగ్గర చేరాడనుకుందాం. పాల్వంచలోనో, మణుగూరులోనో, సారపాకలోనో అరవై అడుగుల ఎత్తున పైపులకు రంగు వేయాలన్నా, షెడ్డు రేకులు బిగించాలన్నా అతన్ని ఆపి పరీక్షించే గేటు చాలాచోట్ల కనిపించదు. చేతికి హెల్మెట్, నడుముకు బెల్టు ఇచ్చి లిఫ్టు బుట్టలో ఎక్కించేస్తారు. నేల కిందికి వెళ్లేవాడికి అరవై ఏళ్లుగా అడుగుతున్న శిక్షణను నేల పైకి వెళ్లేవాడికీ అడగాలి. యంత్రం సాయంతో ఎక్కేవాడికైతే మరీ గట్టిగా అడగాలి.

ఎత్తు మీద పని ఈ ప్రాంతంలో ఎంత ఉందో మొదట చూడాలి. భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఆవలి ఒడ్డున సారపాకలో కాగితపు అట్టల కర్మాగారం ఉంది. అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం ఆకాశాన్నంటే గోపురాలతో నిలబడి ఉంటుంది. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం (కేటీపీఎస్), మణుగూరు పక్కన నాలుగు 270 మెగావాట్ల యూనిట్లతో భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉన్నాయి. ఇవి కాక వంతెన, బ్యారేజీ పనులు, భద్రాచలం పట్టణంలో ఏటా లేచే లాడ్జీలు, శ్రీరామనవమికి వేసే చలువ పందిళ్లు, వీధి దీపాల మరమ్మతులు. ఒకప్పుడు ఇదంతా సర్వీ కర్రల పరంజా మీద, నిచ్చెనల మీద సాగింది. ఇప్పుడు పెద్ద ప్లాంట్లలో సిజర్ లిఫ్టులు, బూమ్ లిఫ్టులు వచ్చాయి. సిజర్ లిఫ్టులో ఇనుప కాళ్లు అడ్డంగా ముడుచుకుని నిలువుగా విచ్చుకుంటాయి, పైనున్న పలక తిన్నగా లేస్తుంది. బూమ్ లిఫ్టులో పొడవాటి చేయి చివర ఒక బుట్ట ఉంటుంది. అది అడ్డంకుల మీదుగా పైకీ పక్కకీ సాగుతుంది. పట్టణంలో అద్దెకు తెచ్చే బకెట్ బండ్లూ ఈ కుటుంబంలోవే.

పరంజా కంటే ఈ యంత్రాలు మేలన్న మాట నిజం. చుట్టూ కటకటాలు, కాళ్ల కింద గట్టి పలక ఉంటాయి. కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఊగే కర్ర మీద నిలబడ్డవాడికి ప్రమాదం ఒంటికి తెలుస్తుంది, అడుగు చూసుకుని వేస్తాడు. బుట్టలో నిలబడ్డవాడికి ఆ భయం పోతుంది, ప్రమాదం మాత్రం ఉంటుంది. అది కంటికి కనిపించని చోటికి, యంత్రం లెక్కల్లోకి మారుతుంది. చాలా బుట్టలు మోయగలిగేది దాదాపు 230 కిలోలు. ఇద్దరు మనుషులు, వారి సామాను ఎక్కితే ఆ లెక్క నిండిపోతుంది. ఆరుబయట వాడే యంత్రాల్లో చాలావాటికి గాలి పరిమితి సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు. షెడ్డు లోపలే వాడాల్సిన కొన్ని రకాలను గాలి తగిలే చోట అసలు ఎత్తకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఖమ్మం, కొత్తగూడెం వైపు గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులు వీస్తాయని వాతావరణ శాఖ తరచూ హెచ్చరిస్తుంది. ఆ అంకెలు వార్తల్లో అందరూ వింటారు. బుట్టలో ఉన్నవాడికి అవి తన యంత్రం ఆగాల్సిన గీత అని తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. చేతిలో రేకో, ఫ్లెక్సీయో ఉంటే అదే తెరచాపై గాలిని పట్టుకుంటుందనీ, అప్పుడు పరిమితి ఇంకా తగ్గుతుందనీ కూడా చెప్పి ఉండాలి.

గాలి విషయంలో ఇది ఊహ కాదు. 2010 అక్టోబరు 27న అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ సాధనను వీడియో తీయడానికి ఒక విద్యార్థి సిజర్ లిఫ్టు ఎక్కాడు. గంటకు దాదాపు 85 కిలోమీటర్ల గాలి కొట్టి లిఫ్టు పడిపోయింది, అతను చనిపోయాడు. అక్కడి రాష్ట్ర కార్మిక భద్రతా విభాగం విచారించి, తయారీదారు చెప్పిన పరిమితిని మించిన గాలిలో లిఫ్టును వాడారనీ, వాడేవారికి శిక్షణ ఇవ్వలేదనీ తేల్చి విశ్వవిద్యాలయానికి జరిమానా వేసింది. చదువుకున్నవాళ్ల మధ్య, పట్టపగలు జరిగిన సంగతి ఇది. యంత్రాన్ని చదవడం వేరే చదువు.

మిగతా ప్రమాదాలూ అంతే సూక్ష్మమైనవి. బూమ్ లిఫ్టు చక్రం జానెడు గుంటలో దిగితే అరవై అడుగుల పైనున్న బుట్ట ఒక్క ఊపు ఊగి మనిషిని బయటికి విసిరేస్తుంది. అందుకే అందులో బెల్టు తాడు పొట్టిగా ఉండాలి, దాన్ని బుట్టలోని కొక్కేనికే తగిలించాలి. చాలామంది బెల్టు పెట్టుకుంటారు కానీ తాడును పక్కనున్న దూలానికో పైపుకో కడతారు. అప్పుడు బుట్ట కదిలితే ఆ తాడే మనిషిని బయటికి లాగుతుంది. పందిరి పనికో, వీధి దీపం పనికో వచ్చిన మామూలు బుట్టకు కరెంటు నుంచి రక్షణ ఉండదు. 11 కేవీ తీగను తాకనక్కర్లేదు, ఇనుప చేయి మరీ దగ్గరికి పోతే చాలు. అన్నిటికంటే మోసకారి ప్రమాదం తలపైనుంది. బుట్టను పైకి నడుపుతూ కిందికి చూస్తున్నవాడి వీపు దూలానికి తగులుతుంది, ఛాతీ కంట్రోలు పలక మీద వాలుతుంది. లివరు ఛాతీ కింద నొక్కుకుపోయి యంత్రం ఇంకా పైకే పోతుంది. అతను అరవలేడు. కింద నిలబడ్డ మనిషికి నేల దగ్గరున్న కంట్రోలుతో బుట్టను దించడం తెలిస్తే బతుకుతాడు. ఆ మీటలు ఎక్కడున్నాయో తెలియకపోతే చూస్తుండగానే ప్రాణం పోతుంది. బెల్టుకు వేలాడుతున్న మనిషి సంగతీ ఇంతే. రక్తం కాళ్లలో నిలిచిపోతుంది కనుక నిమిషాల్లో దించాలి, ఫైరింజన్ వచ్చేదాకా ఆగితే కుదరదు. ఇవేవీ ఇంగితంతో తెలిసేవి కావు, చేతితో చేసి నేర్చుకోవాల్సినవి. కాబట్టి శిక్షణ ఎక్కేవాడికి ఎంత అవసరమో కింద కాపలా ఉండేవాడికీ అంతే అవసరం.

చట్టం ఏమీ లేదని కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఎత్తు నుంచి పడే అవకాశమున్న చోట కటకటాలో, మరో ఏర్పాటో ఉండాలంది. లిఫ్టులను ఆరు నెలలకోసారి, సామాను ఎత్తే యంత్రాలనూ గొలుసులనూ కనీసం ఏడాదికోసారి అర్హుడైన నిపుణుడు పరీక్షించాలంది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టమూ భద్రత గురించి వివరంగానే మాట్లాడింది. ఇవన్నీ కలిసిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అయినా లోటు ఎక్కడుందో ఆ కోడ్‌లోనే కనిపిస్తుంది. గనిలో 100 మంది ఉంటే భద్రతాధికారిని పెట్టాలి. నిర్మాణ పనిలో 250 మంది ఉంటేనే పెట్టాలి. అంత పెద్ద పనులు మన పట్టణాల్లో ఎన్ని? లాడ్జీ కట్టే మేస్త్రీ కింద పాతికమంది, ప్లాంటులో రంగులు వేసే చిన్న కాంట్రాక్టరు కింద పదిమంది ఉంటారు. వాళ్లందరూ ఆ లెక్కకు బయటే.

గనుల్లో ఇంత శిక్షణ ఉన్నా ప్రమాదాలు ఆగాయా అని ఎవరైనా అడగవచ్చు. ఆగలేదు. 2024 మే నెలలో రాజస్థాన్‌లోని కోలిహాన్ రాగి గనిలో మనుషులను మోసే లిఫ్టు తాడు తెగింది. 14 మందిని కాపాడగలిగారు, ఒకరు చనిపోయారు. గనుల బయటా ఇదే పరిస్థితి. 2022 జులైలో కొల్లాపూర్ దగ్గర పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనుల్లో క్రేన్ తీగ తెగి అయిదుగురు కార్మికులు మరణించారు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది పోయారు. 2025 మార్చి 26న భద్రాచలంలోనే నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి కూలీలు ప్రాణాలు కోల్పోయారు. కూలే భవనాన్నీ, అరిగిన తీగనూ కూలీకి ఇచ్చిన శిక్షణ నిలబెట్టలేదు. వాటికి ఇంజనీరు, తనిఖీ అధికారి, యజమాని జవాబు చెప్పాలి. అయితే శిక్షణ పొందినవాడు ఎక్కేముందు తీగ పోగులు చూస్తాడు, పరీక్ష చేసిన తేదీ అడుగుతాడు, సామాను మోసే క్రేన్‌లో మనిషిని ఎక్కించబోతే కాదంటాడు. కాదనే హక్కు కాగితం మీద ఉన్నా, దేనికి కాదనాలో తెలియనివాడికి అది ఉపయోగపడదు. శిక్షణ ఇచ్చామని సంతకాలు పెట్టించుకుని, ప్రమాదం జరిగాక తప్పు కూలీ మీదికి నెట్టే యాజమాన్యాలూ ఉంటాయి. అందుకే మేస్త్రీకి, సైట్ ఇంజనీరుకు కూడా అదే శిక్షణ, అదే పరీక్ష ఉండాలి. పని ఆపమని చెప్పాల్సింది మొదట వాళ్లే.

కూలీలే నిర్లక్ష్యంగా ఉంటారు, బెల్టు ఇచ్చినా పెట్టుకోరు అన్న ఫిర్యాదు ప్రతి సైటులో వినిపిస్తుంది. భద్రాచలం ఎండలు తెలిసినవారు ఈ మాట తొందరపడి అనకూడదు. నడివేసవిలో ఇనుప బుట్టలో, భుజాలనూ తొడలనూ బిగించే పట్టీలతో గంటల తరబడి నిలబడటం చిన్న శిక్ష కాదు. బెల్టు విప్పేవాడికి తరచూ రెండు కారణాలుంటాయి. దాన్ని దేనికి తగిలించాలో ఎవరూ చూపలేదు, లేదా పని వేళలు ఎండను లెక్కచేయకుండా పెట్టారు. రెండూ పై నుంచి వచ్చిన లోపాలే.

ఖర్చు మాట గట్టిదే. ఈ రోజు ఉండి రేపు వెళ్లిపోయే కూలీకి రెండు రోజుల శిక్షణ ఇవ్వడానికి చిన్న కాంట్రాక్టరు ఒప్పుకోడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, ఆ భారం అతని మీద పెట్టకూడదు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా వసూలై భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలికి చేరుతోంది. ఆ నిధి నుంచి నైపుణ్య శిక్షణకు ఖర్చు చేయడం కొత్తేమీ కాదు. శిక్షణ రోజులకు కూలి కూడా అందులోంచే ఇవ్వాలి, లేకపోతే ఎవరూ రారు. శిక్షణ పూర్తయ్యాక ఇచ్చే కార్డు కాంట్రాక్టరు చేతిలో కాక కార్మికుడి జేబులో ఉండాలి. ఇలాంటి లిఫ్టుల వాడకంలో శిక్షణకు బ్రిటన్‌లో మొదలై చాలా దేశాలకు పాకిన ఐపీఏఎఫ్ సంస్థ పద్ధతి ఇదే. ఒకటి రెండు రోజుల బోధన, యంత్రం మీద పరీక్ష, అయిదేళ్లు చెల్లే కార్డు. మనిషి ఏ కంపెనీకి మారినా కార్డు వెంట వస్తుంది. శిక్షణ కేంద్రాలు కొత్తగా కట్టనక్కర్లేదు. ఎవరినీ నేరుగా పనిలోకి దించకుండా నేర్పే అలవాటు సింగరేణి వీటీసీల్లో దశాబ్దాలుగా ఉంది. యువతకు వృత్తి విద్య నేర్పిన అనుభవం భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు ఉంది.

భాష దగ్గర మాత్రం పాత అలవాటు పనికిరాదు. ఈ సరిహద్దు జిల్లాలో బుట్ట ఎక్కేవాడు తెలుగువాడే కావాలని లేదు. కోయ మాట్లాడే దుమ్ముగూడెం యువకుడు కావచ్చు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయ కావచ్చు, ఒడిశా, బిహార్ కూలీ కావచ్చు. ఇంగ్లీషు స్టిక్కరు అంటించి, తెలుగులో పావుగంట చెప్పి, హాజరు పుస్తకంలో వేలిముద్ర తీసుకుంటే దాన్ని శిక్షణ అనలేం. చదవడం రానివాడినీ పరీక్షించవచ్చు. యంత్రం చుట్టూ తిరిగి లోపాలు చూపమనాలి. నేల మెత్తగా ఉన్నచోట ఏం చేస్తావని అడగాలి. బుట్టలో ఒక మనిషిని నిలబెట్టి, కింది కంట్రోలుతో అతన్ని దించమనాలి. దించగలిగినవాడికే కార్డు ఇవ్వాలి.

దీన్ని చట్టం మారేదాకా వాయిదా వేయాల్సిన పని లేదు. ఈ జిల్లాలో ఎత్తు మీది పనిలో పెద్ద భాగం ప్రభుత్వ సంస్థలదీ, ప్రభుత్వ కాంట్రాక్టులదీ. జెన్‌కో, సింగరేణి, నీటిపారుదల శాఖ, విద్యుత్ పంపిణీ సంస్థ, భద్రాచలం దేవస్థానం తమ టెండర్లలో ఒక్క షరతు చేర్చితే చాలు: కార్డు లేని మనిషి యంత్రం ఎక్కకూడదు, కార్డున్న మనిషి కింద లేకుండా యంత్రం లేవకూడదు. ఆ షరతుకయ్యే ఖర్చును అంచనాల్లోనే వేరే పద్దుగా చూపించాలి. అలా చూపిస్తే తక్కువ ధరకు కోట్ చేయాలనుకునే కాంట్రాక్టరు శిక్షణను తగ్గించుకునే వీలు ఉండదు.