మాట రమణది.. బొమ్మ బాపుది

ధవళేశ్వరం దిగువన గోదావరి చీలుతుంది. అందులో వశిష్ఠ పాయ నరసాపురం పక్కగా సాగి అంతర్వేది వద్ద సముద్రంలో కలుస్తుంది. పైన ధవళేశ్వరంలో 1931 జూన్ 28న ముళ్లపూడి వెంకటరమణ పుట్టారు. కింద నరసాపురంలో 1933 డిసెంబరు 15న సత్తిరాజు లక్ష్మీనారాయణ పుట్టారు. ఈయననే లోకం బాపు అంటుంది. ఒకే ఏటి నీళ్లు తాగిన ఊళ్లవాళ్లే అయినా వీరి స్నేహం మొదలైంది గోదావరి ఒడ్డున కాదు. మద్రాసులో, మైలాపూరు పి.ఎస్. హైస్కూలు రోజుల్లో.

రమణ తండ్రి గోదావరి ఆనకట్ట మీద పనిచేసేవారు. ఆయన కన్నుమూసేనాటికి రమణ ఇంకా పసివాడే. బతుకు వెతుక్కుంటూ తల్లి పిల్లలతో మద్రాసు చేరారు. ఆ రోజుల్లో పడిన పాట్లను రమణ తర్వాత నవ్వుతూ రాశారు గానీ, పడేటప్పుడు నవ్వు వచ్చే పాట్లు కావవి. అప్పుల మీద ఆయన 'ఋణానందలహరి' చదివి తెలుగువాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అప్పు చేసిన ఇంటి సంగతి తెలియకుండా అలాంటి పుస్తకం పుట్టదు.

1945లో 'బాల' పత్రికలో రమణ మొదటి కథ 'అమ్మ మాట వినకపోతే' అచ్చయింది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి పత్రిక అది. బాపు చిన్ననాటి బొమ్మలకూ అదే చోటిచ్చింది. తర్వాత రమణ 'ఆంధ్రపత్రిక'లో ఉద్యోగంలో చేరారు. బాపు లా పట్టా పుచ్చుకుని కూడా నల్లకోటు జోలికి పోకుండా కుంచెనే నమ్ముకున్నారు. 1950లలో 'బుడుగు' వచ్చింది. ఆ పిల్లవాడి మాటలు రమణవి, మొహం బాపుది. ఏది లేకపోయినా వాడు లేడు. 'బాపురమణ' అని పత్రికలు కలిపి రాయడం చూసి కొత్త పాఠకుడెవరైనా ఒక్క మనిషే అనుకుంటే తప్పు పట్టలేం.

బాపు ఎవరి దగ్గరా సహాయకుడిగా చేసినవారు కాదు. అలాంటి ఆయన 1967లో 'సాక్షి'కి దర్శకుడయ్యారు. రాసింది రమణ. ఆత్రేయపురం పక్కనున్న పులిదిండిలో బళ్లకట్టు, కాలువ, పల్లె జనం మధ్య ఆ సినిమా తీశారు. సెట్టింగులే సినిమా అనుకునే కాలంలో మద్రాసు నుంచి యూనిట్‌ను ఏటి ఒడ్డుకు నడిపించడం చిన్న ధైర్యం కాదు. 1973లో 'అందాల రాముడు'ను రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా పడవ ఎక్కించారు. 1975లో 'ముత్యాలముగ్గు' వచ్చింది. అందులో రావు గోపాలరావు కంట్రాక్టరు మాటలు ఈ జిల్లాల టీ దుకాణాల్లో ఎన్నేళ్లు వినిపించాయో పాతవాళ్లను అడిగితే చెబుతారు. 1991లో వచ్చిన 'పెళ్లిపుస్తకం' సరేసరి.

చెన్నైలో రెండు కుటుంబాలదీ ఒకటే ఇల్లు. స్నేహితులుగా ఉండటం వేరు, ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి కాపురాలు నెగ్గుకురావడం వేరు. అన్నదమ్ములకే సాధ్యపడని పని అది.

బాపు మితభాషి. సభల్లో మైకు ముందుకు పిలిస్తే రెండు ముక్కలు చెప్పి కూర్చునేవారు. మాటల భారమంతా మిత్రుడికి వదిలేసి, తాను గీసుకుంటూ గడిపిన మనిషి. 2011 ఫిబ్రవరి 24న చెన్నైలో రమణ తమ 79వ ఏట కన్నుమూశారు. అప్పటికి ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన 'శ్రీరామరాజ్యం' ఇంకా పూర్తి కాలేదు. రాసినవాడు లేడు, రాసిన కాగితాలు ఉన్నాయి. సినిమా ఉత్తర రామాయణం, సీతను అడవికి పంపి ఒంటరిగా మిగిలిన రాముడి కథ. 77 ఏళ్ల వయసులో బాపు ఆ కాగితాలు పట్టుకుని పని పూర్తిచేశారు. ఆ ఏడాది నవంబరు 17న సినిమా విడుదలైంది. తెర మీద ప్రతి మాటా రమణదే, వినడానికి రమణ లేరు.

2013లో బాపుకు పద్మశ్రీ వచ్చింది. జోడెద్దుల్లా దున్నిన పొలానికి బహుమతి ఒకరి పేరనే వచ్చింది. రెండోవారు పోయి అప్పటికి రెండేళ్లు.

రమణ తన జీవితకథకు 'కోతి కొమ్మచ్చి' అని పేరు పెట్టారు. పిల్లలు చెట్లెక్కి ఆడే ఆట అది. ఒక జ్ఞాపకం నుంచి ఇంకో జ్ఞాపకానికి కొమ్మ మీంచి కొమ్మకు దూకినట్టే ఆ పుస్తకం సాగుతుంది. దానికి కొనసాగింపులూ వచ్చాయి. ఆయన పోయాక 'కొసరు కొమ్మచ్చి' అని మరో పుస్తకం వెలువడింది. కూరగాయలు తూచాక తట్టలోంచి మరో గుప్పెడు తీసి వేస్తారు చూడండి, ఆ కొసరు. అందులో బాపు కలం పట్టి చిన్ననాటి స్నేహితుడి గురించి రాశారు. జీవితమంతా అవతలివాడి మాటలకు బొమ్మ వేసిన ఆయనకు ఈసారి మాటలు తనే వెతుక్కోవలసి వచ్చింది.

రమణ పోయిన మూడున్నరేళ్లకు, 2014 ఆగస్టు 31న, బాపు కూడా చెన్నైలోనే కన్నుమూశారు.

'బుడుగు' ఇప్పటికీ పుస్తకాల దుకాణాల్లో దొరుకుతోంది. పిల్లల కోసమని కొన్న పెద్దలు దారిలోనే చదివేస్తుంటారు.